సులస్త్రి గారి వంటా, నా నాలుకా

వంటల పుస్తకం కొన్న మనిషి ఒక ఆదివారం దాన్ని పొయ్యి పక్కన తెరిచి పెట్టుకుంటుంది. అందులో ఉన్నది ఉన్నట్టే చేస్తుంది. కూర అడుగంటినా, ముద్దయిపోయినా, తప్పు తనదేననుకుంటుంది. తనకు వంట రాదని తీర్మానించుకుని ఆ పుస్తకాన్ని అలమారలో పై అరకు ఎక్కించేస్తుంది. అలా జరగకుండా చూడటమే నా ఉద్యోగం. రచయిత రాసిన ప్రతి వంటనూ అచ్చుకు వెళ్ళేముందు మామూలు వంటింట్లో, మామూలు గిన్నెల్లో, రాసింది రాసినట్టుగా వండి చూసేదాన్ని. ఎక్కడ తేడా వచ్చిందో గుర్తుపెట్టి వెనక్కి పంపేదాన్ని. దీన్ని రెసిపీ టెస్టింగ్ అంటారు. టొరంటోలో ఒక ప్రచురణ సంస్థకూ, కొంతకాలం ఒక పత్రికకూ ఈ పని చేసి రిటైరయ్యాను.

ఈ మధ్య హారిక అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కరీంనగర్ నుంచి వాటర్లూకు చదువుకోవడానికి వచ్చింది. ఒక రెస్టారెంటులో పార్ట్‌టైమ్ చేస్తోంది. చదివేది కంప్యూటర్లే అయినా మనసంతా వంటల మీద రాయడంలో ఉంది.

“వండి, తిని చూస్తే జీతమిచ్చిండ్రా ఆంటీ మీకు? ఇట్లాంటి జాబ్ ఒకటుంటదని మాకెవ్వరూ చెప్పలేదేంది!” అంది.

“వండింది నచ్చకపోయినా మళ్ళీ మళ్ళీ వండి తినాలి. అది కూడా జాబే” అన్నాను.

“సరే, మీకు ఎవరు నేర్పిన్రు?”

నేను ఒక్క పేరే చెప్పాను. ఆ పేరు వెనక ఉన్నదంతా చెప్పడానికి ఆ సాయంత్రం చాలలేదు. అందుకే ఇలా రాస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగిందంతా సులస్త్రి గారి కథలోనే ఉంది.

రాగీ, జావా

మా సంస్థలో వంటల పుస్తకాలు చూసే ఎడిటర్ పేరు మార్గరెట్. పొడవాటి మనిషి, మాట కటువు, చూపు చురుకు. ఒకరోజు టైపు చేసిన కాగితాల కట్ట నా ముందు పెట్టింది.

“ఇండోనేషియన్ వంటలు. రచయిత పేరు సులస్త్రి, విండ్సర్‌లో ఉంటుంది. కొంచెం మొండి మనిషని విన్నాను. చూసుకో లక్స్” అంది. నా పేరు భాగ్యలక్ష్మి. ఆ ఆఫీసులో అందరికీ నేను లక్స్‌నే.

ఆ రోజుల్లో మేం నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కన ఒక అద్దె అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. చిన్న వంటిల్లు. ఆ కట్టలో మొదటి వంట టెంపే. సోయా గింజలను పొట్టు తీసి ఉడికించి పులియబెడితే, మర్నాటికో ఆ మర్నాటికో తెల్లటి బూజు పట్టి గింజలన్నీ అచ్చులా అతుక్కుంటాయి. దాన్ని ముక్కలు కోసి వేయించుకుంటారు. ఆవిడ రాసిందాంట్లో “గింజలు చల్లారాక రాగి కలపాలి” అని ఉంది. డబ్బాలోంచి రాగిపిండి తీసి పక్కన పెట్టుకున్నాను కానీ, మనసు ఒప్పుకోలేదు. ఫోన్ చేశాను.

“మీరు రాసిన రాగి ఏ రాగి?” అని అడిగాను.

“మీ ఇంట్లో ఏ రాగి ఉంది?” అంది అవతలి గొంతు.

“పిండి. మా వైపు దాంతో జావ చేసుకుంటాం.”

 అవతల పెద్దగా నవ్వు.

“అమ్మాయీ, నేను పుట్టింది జావాలో. మీరు మా ద్వీపాన్ని గిన్నెలో కాచుకుంటారా?”

నవ్వు ఆగాక వివరించారు. పులియబెట్టడానికి వేసే తోడును వాళ్ళ భాషలో రాగి అంటారట. “ఇది ఫోన్‌లో కుదరదు. బయల్దేరి రా” అన్నారు. పేరు అడిగారు. భాగ్యలక్ష్మి అని, ఆఫీసులో లక్స్ అంటారని చెప్పాను. “లక్ష్మి” అని స్పష్టంగా పలికారు. “మా ఊళ్ళోనూ ఈ పేరు పెట్టుకుంటారు. లక్స్ ఏమిటి, సబ్బులా!”

రైల్లో విండ్సర్ వెళ్ళాను. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ భర్త హేంద్ర గారు స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్ళారు. ఇంటి తలుపు తీసిన మనిషి నా భుజం దాకా కూడా లేరు. నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళి ఓవెన్ తలుపు తెరిచారు. లోపల బల్బు వెలుగుతోంది. ఆ వెచ్చదనంలో టెంపే పొట్లాలు పడుకుని ఉన్నాయి.

“మేం ఇడ్లీపిండిని ఇలాగే పెడతాం!” అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. “చలిదేశానికి వచ్చినవాళ్ళందరూ చివరికి ఓవెన్ బల్బు దగ్గరే కలుస్తారు” అన్నారు.

టెంపే వేయించి పెట్టారు. బయట కరకర, లోపల మెత్తన, పుట్టగొడుగుల్లాంటి కమ్మదనం. నేను మెచ్చుకోబోతుంటే ఆపేశారు. “బాగుందని తర్వాత చెప్దువు. చదువుతుంటే నీకు ఎక్కడ అర్థం కాలేదు? అది చెప్పు ముందు.”

ఈ వృత్తిలో చాలామంది రచయితలను చూశాను. ఎక్కువమంది తమ వంట ఎలా ఉందని అడుగుతారు. చదివేవాళ్ళు ఎక్కడ ఆగిపోయారని అడిగింది ఆవిడ ఒక్కరే. పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో బడిపిల్లలకు భూగోళం చెప్పేవారట. ఎదుటివాళ్ళ ముఖంలో అర్థంకానితనాన్ని పట్టుకోవడం అక్కడే అబ్బిందేమో. కెనడా వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళకు వండి పెడితే, “ఇది థాయ్ వంటా? చైనీసా?” అని అడిగారట. “రెండూ కాదు అని చెప్తే వాళ్ళకు ఇంకేం అడగాలో తెలియలేదు. వాళ్ళ తప్పు కాదు. ఎవరూ చెప్పలేదు. సరే, నేనే చెప్తాననుకున్నాను” అన్నారు. మొదట కమ్యూనిటీ హాల్లో క్లాసులు చెప్పారు, తర్వాత స్థానిక వారపత్రికలో రాశారు, ఆ తర్వాత ఈ పుస్తకం మొదలుపెట్టారు.

ఒకే గిన్నె, రెండు పేర్లు

మార్గరెట్ గురించి చెడ్డగా రాయను. పుస్తకం కొనే మనిషికి ఉండే ఓపిక ఎంతో ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. కానీ ఆ పుస్తకం విషయంలో ఆమెకూ సులస్త్రి గారికీ ఢీ అంటే ఢీ అయింది. రెండాంగ్ దగ్గర గొడవ మొదలైంది.

రెండాంగ్ అంటే గొడ్డుమాంసాన్ని కొబ్బరిపాలలో, మసాలా ముద్దతో, సన్నటి మంట మీద గంటల తరబడి ఉంచే వంట. పాలు ఇగురుతాయి, నూనె తేలుతుంది, ఆ నూనెలోనే ముక్క మళ్ళీ వేగి నల్లబడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

“ఆఫీసు నుంచి వచ్చి అంతసేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? గంటన్నరలో అయ్యేలా రాయమని చెప్పు” అంది మార్గరెట్.

ఫోన్‌లో ఆ మాట చెప్పాను. సులస్త్రి గారు గొంతు పెంచలేదు.

“గంటన్నరకు దొరికేది కూడా మంచి కూరే లక్ష్మీ. కానీ దాన్ని రెండాంగ్ అని రాయను.”

“రాయకపోతే పుస్తకం ఆపేస్తానంటోంది.”

“ఆపేయమను.”

మొండితనమంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ఆవిడకు అదే మొదటి పుస్తకం. ఇంకో ప్రచురణ సంస్థ ఏదీ ఆవిడ కోసం కాచుక్కూర్చోలేదు. అయినా గొంతులో వణుకు లేదు. నాకే నిద్రపట్టలేదు. టెస్టర్ పని వండి రిపోర్టు రాయడం వరకే. రచయితకూ ఎడిటర్‌కూ మధ్య దూరడం మా పని కాదు. కానీ వండటం మాత్రం నా పనే కదా అనిపించింది.

ఒకే పొయ్యి మీద ఒకే గిన్నె పెట్టాను. గంటన్నర దాటాక సగం తీసి పక్కన పెట్టాను. పులుసు చిక్కబడి, పసుపు రంగులో, ముక్క మెత్తబడి ఉంది. మిగతా సగాన్ని చివరిదాకా వేగనిచ్చాను. రెండు డబ్బాలూ సబ్‌వేలో ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఆ వాసనకు నా పక్కన కూర్చున్నాయన “మీరు ఏ స్టేషన్‌లో దిగుతారు?” అని అడిగాడు, నా వెనకే వచ్చేస్తాడేమో అన్నట్టు.

మార్గరెట్ మొదటి డబ్బాలోంచి నిలబడే తింది. తింటూనే డెడ్‌లైన్ గురించి మాట్లాడింది. రెండో డబ్బాలోంచి ఒక ముక్క నోట్లో పెట్టుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో ముక్క తీసుకుంది.

“ఈ మొదటిదానికి పేరుందా?” అని అడిగింది చివరికి.

అక్కడినుంచే సులస్త్రి గారికి ఫోన్ చేశాం. ఉంది. కాలియో. రెండాంగ్ అయ్యే దారిలో మధ్యలో ఆపితే కాలియో.

“అయితే రెండూ ఒకే పేజీలో వేద్దాం. బుధవారం వండేవాళ్ళు ఇక్కడ ఆపుతారు, ఆదివారం వండేవాళ్ళు చివరిదాకా వెళ్తారు” అంది మార్గరెట్.

ఫోన్‌లో సులస్త్రి గారు “నేను ముందే అలా రాయాల్సింది. నాకు తట్టలేదు” అన్నారు. ఎడిటర్ అంటే ఏం చేయాలో, రచయిత అంటే ఎక్కడ దిగిరావచ్చో ఎక్కడ దిగిరాకూడదో ఆ ఒక్క పేజీలో చూశాను. తర్వాత ఎక్కడ ఎవరింట్లో ఆ పుస్తకం కనిపించినా, నూనె మరకలు ఎక్కువగా ఉండేది ఆ పేజీ మీదే.

కప్పు అయిన చెంచా

పుస్తకం వచ్చాక ఒక పత్రిక ఆవిడకు వారం వారం శీర్షిక ఇచ్చింది. ఒక వారం సంబాల్ రాశారు. మిరపకాయలు, టమాటా, ఉల్లి నూరి చేసే పచ్చడి. అందులో తెరాసి అనే రొయ్యల ముద్ద వేస్తారు. నేను మచిలీపట్నం మనిషిని, ఎండురొయ్యల వాసనకు బెదరను. తెరాసి దాని పెద్దన్న. కాల్చి ఒక్క చెంచా వేస్తే పచ్చడికి ప్రాణం వస్తుంది. పత్రికలో చెంచా కాస్తా కప్పుగా అచ్చయింది.

సోమవారం నుంచి పత్రికకు ఫోన్లు. వచ్చే వారం ఒక మూల సవరణ వేస్తామన్నారు వాళ్ళు. సులస్త్రి గారు ఫోన్ చేసినవాళ్ళ నంబర్లు ఇమ్మన్నారు. నేను ఆ రోజు విండ్సర్‌లోనే ఉన్నాను. ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కొక్కరికే ఫోన్ చేయడం చూశాను. అచ్చుతప్పు అన్న మాట ఒక్కరి దగ్గర కూడా ఎత్తలేదు.

“పత్రికవాళ్ళ పొరపాటని చెప్పొచ్చు కదా!” అన్నాను.

“నా పేరు కింద వచ్చింది. మెచ్చుకుంటే నాకు, తిడితే వాళ్ళకా?”

ఇది నాకు ఇప్పటికీ అతిగానే అనిపిస్తుంది. హారికా, నువ్వైతే పొరపాటు ఎవరిదో చెప్పు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా విను.

డగ్ అనే ఆయన బాగా కోపంగా ఉన్నాడు. “కర్టెన్లన్నీ వాసన! మా ఆవిడ వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది!” అని అరుస్తున్నాడు. టేబుల్‌కు ఇవతల ఉన్న నాకు కూడా వినిపిస్తోంది.

“ఆవిడను తీసుకుని శనివారం మా ఇంటికి భోజనానికి రండి” అన్నారు సులస్త్రి గారు.

వచ్చారు. ఆ భార్య గుమ్మం దగ్గరే ఆగి ముక్కు మూసుకుంది. సులస్త్రి గారు ఏమీ బలవంతపెట్టలేదు. ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదురుగానే ఒక్క చెంచా తెరాసి కాల్చి, మిరపకాయలతో నూరారు. ఏరీ సరస్సు చేపను వేయించి పక్కన పెట్టారు. మొదట ఆవిడ వేలికొసతో రుచి చూసింది. తర్వాత చేపముక్క అద్దుకుంది. డగ్ మాత్రం మొదటినుంచే అన్నం కలుపుకుంటున్నాడు. ఆ ఏడాది కమ్యూనిటీ హాల్ క్లాసుల్లో ముందు వరసలో కూర్చున్నది ఆ భార్యాభర్తలే.

అట్ట మీదికి రాని నల్లపులుసు

ఇంత పోరాడే మనిషి ఒకసారి తనకు తానుగా ఒక వంటను తీసేశారు. ఆవిడలో నేను అన్నిటికన్నా గౌరవించేది అదే.

రెండో పుస్తకంలో రవోన్ ఉంది. మాంసంతో చేసే నల్లటి పులుసు. ఆ నలుపు క్లువెక్ అనే గింజది. పచ్చి గింజ విషం. ఉడకబెట్టి, బూడిదలో పాతిపెట్టి విషం తీశాకే అమ్ముతారు. అప్పుడు కూడా వండేవాళ్ళు ఒక్కో గింజ పగలగొట్టి, నాలుకకు తాకించి, చేదుగా ఉన్నవి పారేయాలి. ఆవిడ పక్కన నిలబడి నాకు నేర్పించారు. ఫోటోగ్రాఫర్ ఆ పులుసును తెల్లటి గిన్నెలో తీసిన ఫోటో చూసి మార్గరెట్ ఎగిరి గంతేసింది. అదే అట్టబొమ్మ అంది.

వారం తర్వాత సులస్త్రి గారు ఫోన్ చేసి, “రవోన్ తీసేయండి” అన్నారు.

“హెచ్చరిక వేస్తాం, ఎర్ర అక్షరాల్లో” అంది మార్గరెట్.

“లక్ష్మికి ఆ చేదు తెలుసు, నేను చూపించాను కాబట్టి. ఎక్కడో సస్కటూన్‌లో ఒక్కతే వండుకునే పిల్లకు ఎవరు చూపిస్తారు? ఆకలిగా ఉన్న మనిషి హెచ్చరికలు చదవదు.”

మార్గరెట్ చాలా చెప్పి చూసింది. ఆవిడ వినలేదు. ఆ తర్వాత నేను విండ్సర్ వెళ్ళినప్పుడు నది ఒడ్డున నడుస్తున్నాం. అవతల డెట్రాయిట్ భవనాలు కనిపిస్తున్నాయి. “మా అమ్మ చేసేవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం అదే తెలుసా?” అన్నారు మామూలుగా. 

కొత్తగా రాసేవాళ్ళు తమకు తెలిసినదంతా పుస్తకంలోకి ఎక్కించాలని చూస్తారు. పేజీ మీద చెప్పగలిగేది ఎంతవరకో తెలిసినవాళ్ళనే నేను రచయితలంటాను.

వాసన పోయాక

మూడో పుస్తకం సగంలో ఉండగా ఆ మహమ్మారి వచ్చింది. సులస్త్రి గారికీ జ్వరం వచ్చింది. తగ్గింది. కొన్ని వారాలకు ఫోన్ చేశారు.

“కాఫీ వేడినీళ్ళలా ఉంది లక్ష్మీ. వెల్లుల్లి వేయించినా ఏమీ తెలియడం లేదు. డాక్టరు రావచ్చన్నారు, రాకపోవచ్చన్నారు. మార్గరెట్‌కు చెప్పేస్తాను, పుస్తకం వద్దని.”

“నేను వచ్చేదాకా ఆగండి” అన్నాను. ప్రయాణాలకు వీలుకాగానే వెళ్ళాను.

ఆవిడ సాయూర్ లోదే వండి ఉంచారు. కూరగాయలను కొబ్బరిపాలలో ఉడికించే పల్చటి పులుసు. నా ముందు గిన్నె పెట్టి ఎదురుగా కూర్చున్నారు. తిన్నాను. అందులో ఏదో లేదు. ఆవిడ ముఖం చూసి ఆ మాట నోటికి రాలేదు.

“బాగుంది ఇబూ” అన్నాను. పెద్దవాళ్ళను వాళ్ళు అలా పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

“బాగుంది అనే మాటతో నేనేం చేసుకోను?” చెయ్యి టేబుల్ మీద చరిచారు. “ఉప్పు తగ్గిందా? పులుపు ఎక్కువైందా? నీ పని మర్చిపోయావా? నీ ఎదురుగా ఉన్నది జబ్బుమనిషి కాదు, రచయిత. చెప్పు!”

అప్పుడు చెప్పాను. “ముందు కొబ్బరి తీపి తగులుతోంది. దాని వెనకే ఏదో రావాలి. రావడం లేదు. మధ్యలో ఖాళీగా ఉంది. చివర్లో కారం ఒక్కటే వస్తోంది.”

కళ్ళు మూసుకుని విన్నారు. “దుంపరాష్ట్రకం చాలలేదు” అంటూ లేచి, అల్లంలాంటి ఆ దుంప ఇంకో ముక్క నలగ్గొట్టి వేశారు. ఆ పూట అలాగే సాగింది. నేను చెప్పడం, ఆవిడ మార్చడం.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. కొన్నిసార్లు మా ఆయన కారులో దింపేవారు. మసాలా వేగిందో లేదో ఆవిడ చప్పుడును బట్టి చెప్పడం మొదలుపెట్టారు. నూనె రంగు చూసి పొయ్యి తగ్గించేవారు. రుచిని మాటల్లో చెప్పడం నేను నిజంగా నేర్చుకున్నది అప్పుడే. అన్ని రోజులూ సాఫీగా సాగలేదు. ఒకరోజు నేను “ఇంకా కుదరలేదు” అని మళ్ళీ మళ్ళీ అంటుంటే, గరిటె సింకులోకి విసిరేసి పెరటి మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళబోతే హేంద్ర గారు ఆపారు. “కాసేపు ఉండనీ అమ్మా. ఇంట్లో నేను వండిన అన్నం మాడినా ఇప్పుడు తనకు తెలియడం లేదు. ఆ బాధ వేరు” అన్నారు. కాసేపటికి ఆవిడే లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, “మొదటినుంచి చేద్దాం” అన్నారు.

ముందుమాటలో ఆ సంగతి దాచకుండా రాశారు. ఈ పుస్తకంలో సగం వంటల రుచి నాకు తెలియదు, వాటిని లక్ష్మి నాకు చెప్పింది అని. మార్గరెట్ భయపడింది. “ఇది చదివితే ఎవరు కొంటారు?” అంది. “ఇది లేకపోతే నేను అమ్మను” అన్నారు సులస్త్రి గారు. మార్గరెట్ ఈసారి వాదించలేదు.

పుస్తకం విడుదల సభ నార్త్ యార్క్‌లో ఒక లైబ్రరీలో జరిగింది. వెనక బల్ల మీద లోదే పెద్ద గిన్నెలో పెట్టాం. మాట్లాడటం అయ్యాక ఒకాయన లేచి, “తప్పుగా అనుకోవద్దు. మీకే రుచి తెలియనప్పుడు మేం ఎలా నమ్మాలి?” అన్నాడు. హాల్లో తలలన్నీ సులస్త్రి గారి వైపు తిరిగాయి. 

“నమ్మకండి” అన్నారు సులస్త్రి గారు. “వెనక బల్ల మీద ఉంది, వెళ్ళి తినండి. తేడా ఉంటే వచ్చి నాకు చెప్పండి. ఇన్నాళ్ళూ నేను చెప్పించుకునే కదా వండాను.”

జనం నవ్వుతూ లేచారు. ఆ అడిగినాయనే ముందు వెళ్ళాడు. వాళ్ళ వెనక ఒక ముసలావిడ, కూతురి చెయ్యి పట్టుకుని, మెల్లగా బల్ల దగ్గరికి చేరింది. ఒక చెంచా తింది. ఇంకొకటి తింది. తర్వాత గిన్నె కూతురి చేతిలో పెట్టి, నేరుగా సులస్త్రి గారి దగ్గరికి వచ్చి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. సులస్త్రి గారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయారు.

ఆ ముసలావిడ వెళ్ళాక అడిగాను, ఏమందని.

“పులుసు రుచి చూసి, మీది సలతిగానా అని అడిగింది. నేను పుట్టింది అక్కడ కాదు. మా అమ్మది ఆ ఊరు.”

 తర్వాత ఒక గిన్నెలో లోదే వడ్డించుకుని, హాలు మూల కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీ నాకు చూపించారు.

“చెప్పు లక్ష్మీ” అన్నారు.

కొబ్బరి మొదట వచ్చి పక్కకు తప్పుకుంటోందని చెప్పాను. దాని వెనక దుంపరాష్ట్రకం ఘాటు చల్లగా తగులుతోందని చెప్పాను. వంకాయ నాలుక మీదే కరిగిపోతోందని, చింతచిగురంత పులుపు చివర్లో ఎక్కడో ఉందని, కారం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చి ఎక్కువసేపు ఉంటోందని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, నెమ్మదిగా నములుతూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.